ఒకే పెట్టె, రెండు ఆయుష్షులు

తెర, మదర్‌బోర్డు, స్పీకర్లు, కెమెరా అన్నీ ఒకే చట్రంలో ఇమిడిపోయిన కంప్యూటర్‌ను ఆల్-ఇన్-వన్ అంటున్నాం. బల్ల మీద చోటు మిగులుతుంది, తీగల చిక్కు తగ్గుతుంది, పెట్టె విప్పిన పది నిమిషాల్లో పని మొదలవుతుంది. తెర పోతే మాత్రం మొత్తం మూలన పడుతుంది. లోపలి భాగాలు మార్చాలంటే నానా తంటాలు. కొనేవారికిచ్చే సలహాలు ఈ గుణదోషాలను చెరోవైపు పేర్చి అక్కడితో ఆగిపోతాయి. ఈ యంత్రం దాదాపు యాభై ఏళ్ల చరిత్రను వరుసగా చూస్తే, ఆ గుణాలూ ఆ దోషాలూ ఒకే మూలం నుంచి వచ్చినవి కావని తెలుస్తుంది. భాగాలను ఒకచోట కూర్చడం వల్ల వచ్చినవి గుణాలు. కూర్చినదాన్ని విప్పడానికి వీల్లేకుండా బిగించడం వల్ల వచ్చినవి దోషాలు. మొదటిది చేసినవారు రెండోది కూడా చేసి తీరాలన్న నియమమేమీ లేదు.

అందుకు తొలి సాక్ష్యం 1977లో కమొడోర్ సంస్థ తెచ్చిన పెట్ కంప్యూటర్. తొమ్మిది అంగుళాల తెర, కీబోర్డు, క్యాసెట్ రికార్డర్ మూడూ ఒకే రేకు పెట్టెలో ఉండేవి. విడిభాగాలు తెచ్చుకుని టంకం వేసుకునే అభిరుచిపరుల చేతుల్లోంచి కంప్యూటర్ బడుల్లోకి, ఇళ్లలోకి రావాలంటే ఇలా సిద్ధంగా దొరకడం అవసరమైంది. అయినా ఆ పెట్టె మూసుకుపోలేదు. కారు బానెట్ ఎత్తినట్టు పైభాగాన్ని ఎత్తి, లోపలున్న కడ్డీతో నిలబెట్టి మరమ్మతు చేసుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన యాపిల్ 2 తెరను వేరుగా వదిలేసి, అదనపు కార్డుల కోసం ఎనిమిది స్లాట్లు పెట్టింది. 1981లో ఐబీఎం పీసీ కూడా విడి తెరతో, స్లాట్లతోనే వచ్చింది. ఆ నమూనానే ప్రపంచమంతా అనుసరించింది. మన దగ్గర సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల వేళ్లూనుకున్న అసెంబుల్డ్ కంప్యూటర్ల వ్యాపారం కూడా ఆ వంశంలోదే. మనం సీపీయూ అని పిలుచుకునే కేబినెట్‌ను మార్చినా, పాత మానిటర్ బల్ల మీదే ఉండిపోతుంది.

కూర్పు బిగింపుగా మారింది 1984 జనవరిలో. ఆ నెల యాపిల్ విడుదల చేసిన మెకింటాష్‌లో తొమ్మిది అంగుళాల తెర, ఫ్లాపీ డ్రైవ్, 128 కిలోబైట్ల మెమరీ ఒకే నిలువు పెట్టెలో ఉన్నాయి. స్లాట్లు లేవు, మెమరీ చిప్‌లు బోర్డుకే అతికి ఉన్నాయి, పెట్టె తెరవాలంటే పొడవాటి ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి. వాడేవారు లోపలికి తొంగిచూడాల్సిన పని లేకుండా చేయడమే దీని ఉద్దేశం. కానీ ఆ మెమరీ చాలదని కొద్ది నెలల్లోనే తేలింది. సెప్టెంబరులో సంస్థే 512 కిలోబైట్ల రకాన్ని తెచ్చింది. మూడేళ్ల తర్వాత, 1987లో, ఆరు స్లాట్లతో, విడి తెరతో మెకింటాష్ 2 వచ్చింది. బిగించిన పెట్టె అందరికీ సరిపోదని తయారీదారే ఒప్పుకున్నట్టయింది.

అయినా కూర్పులోని ఆకర్షణ తగ్గలేదు. వంద కోట్ల డాలర్లకు పైగా నష్టంతో 1997 గడిపిన యాపిల్‌ను మళ్లీ నిలబెట్టినవాటిలో 1998 నాటి ఐమ్యాక్ ముఖ్యమైంది. ఇంటర్నెట్ కోసం కంప్యూటర్ కొనాలనుకున్న కొత్తవారికి ఆ ఒక్క పెట్టె భయం పోగొట్టింది. 2004లో వచ్చిన ఐమ్యాక్ జీ5 ఇంకో అడుగు ముందుకు వేసింది. కంప్యూటర్ మొత్తం పలుచని తెర వెనక్కి చేరింది. వెనుక మూడు స్క్రూలు వదులు చేస్తే మూత ఊడి వచ్చేది. మెమరీనే కాదు, మరికొన్ని భాగాలనూ కొన్నవారే మార్చుకోగలిగేలా దాన్ని రూపొందించారు. ఒద్దికైన కూర్పుకూ, తెరుచుకునే మూతకూ వైరం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

2012 నాటి ఐమ్యాక్‌లో బిగింపు మళ్లీ ముదిరింది. తెర అంచు ఐదు మిల్లీమీటర్లకు సన్నబడింది. అందుకోసం తెరను జిగురుతో అతికించారు. 21.5 అంగుళాల రకంలో మెమరీ మార్చే దారి మూసేసి, బల్ల మీద కదలకుండా కూర్చునే యంత్రంలో ల్యాప్‌టాప్‌లకు వాడే చిన్న, నెమ్మదైన హార్డ్ డిస్క్ పెట్టారు. ఎదురుగా కూర్చున్నవారికి కనిపించని అంచు కోసం రోజూ అనుభవమయ్యే వేగాన్ని వదులుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆయుష్షులది. ప్రాసెసర్ పాతబడుతుంది, కొన్నేళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ దానికి అందదు. మంచి ఎల్‌సీడీ తెర అప్పటికీ నిక్షేపంగా ఉంటుంది. ఈ రెంటినీ ముడివేస్తే, ముందు పోయేది రెండోదాన్నీ వెంట తీసుకుపోతుంది. 2009 నాటి 27 అంగుళాల ఐమ్యాక్‌లో దీనికి విరుగుడు ఉండేది: ఇంకో కంప్యూటర్‌ను తగిలించి దాన్ని వట్టి మానిటర్‌గా వాడుకోవచ్చు. 2014లో 5కే తెర వచ్చాక ఆ సదుపాయం పోయింది. అన్ని చుక్కల బొమ్మను ఒకే తీగ మోయలేకపోవడం అప్పటికి నిజమైన ఇబ్బందే. తర్వాత థండర్‌బోల్ట్ 3 కనెక్షన్‌తో ఆ ఇబ్బంది తీరినా సదుపాయం తిరిగి రాలేదు.

కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ చాలామంది ఒక్క భాగం కూడా మార్చరు కదా అనవచ్చు. అది నిజమే, బ్యాంకు కౌంటర్‌కో క్లినిక్ రిసెప్షన్‌కో ఆల్-ఇన్-వన్ చక్కగా నప్పుతుంది. అయితే మూత తెరుచుకోవడం హంగులు పెంచుకోవడానికే కాదు, పాడైన డిస్క్ మార్చడానికీ, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము దులపడానికీ కావాలి. ల్యాప్‌టాప్‌లు కూడా బిగించే వస్తున్నాయి కదా అన్నది మరో వాదన. ల్యాప్‌టాప్ అందుకు బదులుగా ఎక్కడికైనా మోసుకుపోయే వీలు, కరెంటు పోయినా ఆగని బ్యాటరీ ఇస్తుంది. ఆల్-ఇన్-వన్ ఇచ్చేది బల్ల మీద జానెడు జాగా. కరెంటు పోతే దానికీ యూపీఎస్ కావాల్సిందే. మూడోది కాస్త బలమైన వాదన: 2021 నాటి ఎం1 ఐమ్యాక్‌లో మెమరీ ప్రాసెసర్‌తో కలిసిపోవడం వల్లే వేగం పెరిగి, విద్యుత్ ఖర్చు తగ్గిందంటారు. ఒప్పుకోవాల్సిందే. ఆ లాభం చిప్‌కు సంబంధించినది. తెరకు జిగురు పూయమని ఏ చిప్పూ అడగలేదు.

2022 మార్చిలో యాపిల్ 27 అంగుళాల ఐమ్యాక్‌ను ఆపేసి, అదే కొలతలో 5కే మానిటర్‌ను విడిగా, కంప్యూటర్‌ను విడిగా అమ్మకానికి పెట్టింది. తెర ఖరీదైన చోట ముడి విప్పింది, చవకైన 24 అంగుళాల దగ్గర ఉంచింది. ఆల్-ఇన్-వన్ కొనేవారికి ఈ లెక్కే దారి చూపుతుంది. తెర ధర మొత్తంలో కొద్ది భాగమైతే ముడి భరించదగినదే. పెద్ద తెర కోసమే కొంటున్నప్పుడు మాత్రం అంగడిలో రెండు ప్రశ్నలు అడగాలి: వెనుక మూత తెరుచుకుంటుందా? బయటి కంప్యూటర్‌కు తెరగా వాడుకునేందుకు హెచ్‌డీఎంఐ ఇన్ పోర్టు ఉందా? కొన్ని విండోస్ రకాల్లో అది ఉంటుంది. ఉన్నచోట, లోపలి ప్రాసెసర్ కాలం తీరాక కూడా తెర తన ఆయుష్షు తాను బతుకుతుంది.