రాచపుండు
సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పెద్దవాళ్లకు క్యాన్సర్ అంటే రాచపుండు. ‘రాచ’ అంటే రాజుది. రాచబాటలో లాగా పెద్దదని కూడా. క్షయను రాజయక్ష్మ అన్నదీ ఈ వరసలోనే. మానని మొండి కురుపులకు పుట్టిన పేరు క్యాన్సర్‌కు స్థిరపడింది.

అసలు పుండు కణం లోపలిది. 1979లో గుర్తించిన పీ53 అనే ప్రొటీన్ డీఎన్ఏను పట్టుకుని, పీ21 వంటి జన్యువులను మేల్కొలుపుతుంది. డీఎన్ఏ దెబ్బతిన్న కణం అప్పుడు విభజన ఆపి మరమ్మతు చేసుకుంటుంది, కుదరకపోతే చస్తుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువే చెడిపోయి ఉంటుంది. ఆపే ఆజ్ఞ అందక కణాలు పెరిగిపోతాయి.

రాచపుండు అనే పేరుతో నాకున్న భయం ఒక్కటే: పైకి పుండు కనిపించేదాకా ఆగుతారని. రక్త క్యాన్సర్‌లో గడ్డ కూడా ఉండకపోవచ్చు.