పిట్ట కొంచెము, పేరు ఘనము

‘పిట్ట కొంచెము, కూత ఘనము’ అని మనవారి సామెత. కూత మాట యట్లుండగా, పేరు చేతనే ఘనత కెక్కిన పిట్ట యొకటి కలదు. శ్రీకాకుళ, విజయనగర జిల్లాల గ్రామవృద్ధులగు మీకు దాని చరిత్రను విన్నవించుచున్నాను.

దానిని తెలుగున పొన్నంకి పిట్ట యందురు. ఉత్తరాదివారు నవరంగ మందురు. శరీరము జేనెడైనను నిండదు. వీపు ఆకుపచ్చ, రొమ్ము గోధుమవన్నె, పొత్తికడుపు కుంకుమవంటి యెఱుపు, రెక్కపై మెఱయు నీలము, కంటిమీదుగా కాటుకరేఖ, కంఠము తెలుపు. తోక మిక్కిలి పొట్టి. అడవిపొదల క్రింద రాలుటాకులను తిరుగవేసి పురుగులను, ఎఱ్ఱలను ఏరి తినును. ఉదయసంధ్యను, సాయంసంధ్యను రెండు స్వరముల యీల వేయును. అందుచే అరవనాట దీనికి ఆరుగంటల పిట్ట యని పేరు. గొంతుకండరముల నిర్మాణమును బట్టి శాస్త్రజ్ఞులు దీనిని గాయకపక్షులలో చేర్పరు గాని, విన్నవాని చెవికి ఆ తారతమ్యము తోపదు.

1766లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు పండితుడు దీనికి ‘పొట్టితోక కాకి’ యని యర్థమిచ్చు శాస్త్రనామ మొసగి కాకుల పంక్తిని కూర్చుండబెట్టెను. ఏబదియేండ్ల పిమ్మట, 1816లో, ఫ్రాన్సు దేశీయుడగు వియ్యో పండితుడు ప్రత్యేకజాతి నేర్పఱచి ‘పిట్టా’ యని నామకరణము చేసెను. అది మన తెలుగుమాటయే! మనకు చిన్నపక్షి యేదైనను పిట్టయే. ప్రపంచ విద్వాంసులకు మాత్రము ఆఫ్రికా మొదలు ఆస్ట్రేలియా వఱకు వ్యాపించిన నలువదికి పైబడిన జాతుల యొక్క కుటుంబమునకు అది యింటిపేరైనది.

1836లో చెన్నపట్టణమునకు వచ్చిన జెర్డను అను వైద్యుడు మొదట గంజాము జిల్లాలో సైనికుల జ్వరములకు చికిత్స చేసెను. శ్రీకాకుళము నాడు ఆ జిల్లాలోనిదే. 1936లో విశాఖపట్టణము జిల్లాలో చేరినది. అతడు 1862 మొదలు 1864 వఱకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున శాస్త్రనామముల ప్రక్కనే తెలుగుపేళ్లను గూడ చేర్చెను. ఉత్తర సర్కారుల కమిషనరుగా నుండిన వాల్టరు ఇలియటు 1859లో మన చెట్లపేళ్లను ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను గ్రంథమున కూర్చెను. ఈ పేళ్లు వారికి మన ప్రజల నోటినుండియే లభించినవి. అమరకోశమున సింహాదివర్గము వల్లించిన మాబోటివారికి శుకపికముల పర్యాయపదములు వచ్చును. పొదలోని పిట్టను చూపి ‘దీని పేరిది’ యనగలవారు రైతులు, వేటగాండ్రు, కొండలలోని సవరలు, జాతాపులు.

జెర్డను మఱియొక సంగతి వ్రాసెను. వేసవి తొలినాళ్ల పడమటిగాలికి అలసి యీ పిట్టలు ఇండ్లలో దూరునట; అతడు మొదట చూచిన పిట్ట చెన్నపట్టణపు పెద్దాసుపత్రిలో తలదాచుకొన్నదట. దీనికి కారణము వలస. చలికాలమున దక్షిణదేశమునను సింహళమునను గడపి, వానలనాటికి మధ్యదేశమునకును హిమాలయపాదములకును పోయి గూడు కట్టుకొనును. రాత్రివేళ పయనించి, బడలి వాలును.

కావున అట్టి యతిథి మీ వసారాలో వాలినచో పంజరమున నుంచకుడు, పిల్లివాత పడనీయకుడు. గంపక్రింద నీడపట్టున కొంతసేపుంచి, తేఱుకొన్న పిమ్మట సాయంకాలమున చెట్లగుంపునొద్ద విడువుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము గూడ దీనిని పట్టరాదనుచున్నది.

వేఱొక మనవి. దూరదేశపు పండితుడు మన మాటను గైకొని లోకమునకిచ్చెను. మన బడిపిల్లలు మాత్రము కాకి, పిచ్చుక, చిలుక యని మూడు పేళ్లు చెప్పి ఆగుచున్నారు. పెరటిలోను, పొలములోను, కొండచరియను మీరెఱిగిన పిట్టల పేళ్లు పుస్తకములలో సగమైనను లేవు. సాయంకాలము మనుమలను వెంటబెట్టుకొని చెఱువుగట్టునకు పోవునప్పుడు ఒక్కొక్క పిట్టను చూపి పేరు చెప్పుడు. వ్రాయనేర్చిన పిల్లలచేత వ్రాయింపుడు. ఆ పేళ్లు మీతో పోయినచో తిరిగి చెప్పగలవారుండరు.