గేటు బయటి గంపలు (మన చరిత్ర - 9వ భాగం)



పోయిన భాగంలో ఊరి చెరువు గురించి రాస్తే ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. "అన్నా, నీళ్ల సంగతి సరే. బజారులో డబ్బుకి కులం ఉండదు కదా?" ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటి నుంచి ఏ ఊరికి మీటింగ్‌కి పోయినా పొద్దున్నే అక్కడి రైతుబజారుకి వెళ్తున్నాను. గుంటూరు, విజయవాడ, విశాఖలో ఎంవీపీ కాలనీ, హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ. కూరగాయలు కొంటూ అందరినీ ఒకటే అడిగాను: "అమ్మా, ఈ పొలం నీదేనా?"

జవాబులు చెప్పేముందు కొంచెం వెనక్కి పోదాం.

1919లో సౌత్‌బరో కమిటీ ముందు బాబాసాహెబ్ ఓటు హక్కు గురించి మాట్లాడుతూ ఈ బజారు సంగతి కూడా ఎత్తారు. అంటరానివాడి దగ్గర కొనేవాడే లేనప్పుడు వ్యాపారం అనే దారి అతనికి మూసుకుపోయినట్టేనని ఆయన వాదన. అప్పటికి ఆయనకి 28 ఏళ్లు నిండలేదు.

మా ఊరి సంతలో ఇది కళ్లారా చూశాను. మన దగ్గర అన్నీ కొనరని కాదు. చెప్పులు కొంటారు, చీపుళ్లు కొంటారు, గడ్డిమోపు, కట్టెలమోపు కొంటారు. పాలు కొనరు. వండింది అసలే కొనరు. మా తాత సంత చివర, చింతచెట్టు కింద చెప్పులు పెట్టుకుని కూర్చునేవాడు. కొన్నవాళ్లు డబ్బులు చేతిలో పెట్టేవాళ్లు కాదు, గోనెపట్టా మీద వేసేవాళ్లు. దొర్లిపోయిన బిళ్లల్ని ఏరడం చిన్నప్పుడు నా పని. అదేదో ఆట అనుకునేవాణ్ణి.

తర్వాత మార్కెట్ యార్డులొచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1933 చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 1966 చట్టం. అవి పత్తి, పొగాకు, వేరుశనగ బండ్లు కట్టుకొచ్చే ఆసాముల కోసం. వాటిలో మన చరిత్ర బస్తా మోసిన భుజాల చరిత్ర. అది వేరే భాగంలో రాస్తాను.

రైతుబజారు 1999 జనవరి 26న మొదలైంది. పంజాబులో 1987 నుంచే 'అప్నీ మండీ' ఉంది, తమిళనాడులో 1999 నవంబరులో 'ఉళవర్ సందై' వచ్చింది. ఆలోచన మంచిదే, కాదనను. దళారీ ఉండడు, అద్దె ఉండదు, రోజూ ధర కట్టి గేటు దగ్గర బోర్డు మీద రాస్తారు. కొనేవాడికి బయటికన్నా తక్కువ, అమ్మేవాడికి హోల్‌సేల్ కన్నా ఎక్కువ. అయితే లోపల కూర్చోవాలంటే ఫొటో ఉన్న గుర్తింపు కార్డు కావాలి. రెవెన్యూ, ఉద్యాన శాఖలవాళ్లు పొలం చూసి, నువ్వు రైతువేనని తేల్చి కార్డు ఇస్తారు.

మా అమ్మ కథ అక్కడే ఆగింది. ఏ ఊరో చెప్పను. నలభై సెంట్లు కౌలుకి తీసుకుని తోటకూర, గోంగూర, బచ్చలి వేసేది. చీకటితోనే లేచి కోసి, కట్టలు కట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఆరుకల్లా టౌనుకి చేరేది. కార్డు కోసం పోతే పాసుపుస్తకం అడిగారు. కౌలు కాగితం తెమ్మన్నారు. ఆసామిని అడిగితే, "కాగితం ఎందుకే, నోటిమాట చాలదా? రేపు నా పొలం నీదంటావా ఏంటి?" అన్నాడట. ఆ ఏడే పొలం మాన్పించాడు. పక్క ఊళ్లో ఇంకొకరి దగ్గర తీసుకుంది. పదకొండేళ్లు గేటు బయట, మురిక్కాలవ పక్కన కూర్చుని అమ్మింది. లోపల అమ్మేదీ అదే గోంగూర. బోర్డు మీద ధర చూసి జనం ఈమె దగ్గర ఇంకో రూపాయి తగ్గించమనేవాళ్లు, కార్డు లేదు కాబట్టి.

దళారీని తీసేశామన్నారు. కానీ మా అమ్మకీ ఆ గేటుకీ మధ్య నిలబడ్డవాడు దళారీ కాదు, భూమి ఉన్నవాడు.

లెక్కలు కూడా ఇదే చెప్తాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో మన చేతిలో ఉన్న సాగుభూమి 9 శాతం కూడా లేదు. కౌలుదారు కోసం 2011లో ఒక చట్టం తెచ్చారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంకోటి తెచ్చారు, 11 నెలల ఒప్పందం, దానిమీద యజమాని సంతకం ఉండాలి. మళ్లీ ఆ సంతకమే! తెలంగాణలో 2018 రైతుబంధు డబ్బు కూడా పట్టాదారుకే అందింది. మట్టిలో చెయ్యి పెట్టినవాళ్లని రైతు అనడానికి ప్రభుత్వం నోరు ఇప్పటికీ సరిగ్గా తిరగదు.

వేరే దారి లేదా అంటే, జహీరాబాద్ వైపు పోయి చూడండి. పస్తాపూర్ చుట్టుపక్కల డీడీఎస్ సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. పడావు భూముల్ని సాగులోకి తెచ్చి జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో పేదలకి తక్కువ ధరకి అమ్మారు. ఎవరికి ఎంత ఇవ్వాలో వాళ్లే కూర్చుని తేల్చారు. విత్తనాలూ వాళ్లవే. ఏటా సంక్రాంతప్పుడు వాటిని ఎడ్లబండ్ల మీద ఊరేగిస్తారు. అక్కడ ధర కట్టింది మన అక్కలు. చరిత్ర పుస్తకాల్లో ఇది ఏ పేజీలో ఉందో మీరే వెతకండి.

ఇక నా ప్రశ్నకి జవాబులు. లోపల నేను మాట్లాడిన ఇరవై మూడు మందిలో సొంత పొలం ఉన్న మనవాళ్లు ఇద్దరు. గేటు బయట తొమ్మిది మందిని అడిగితే ఏడుగురు మనవాళ్లే, అందరిదీ కౌలే. ఇది సర్వే కాదు, ఒక మనిషి సంచి పట్టుకుని తిరిగిన లెక్క. విజయవాడలో ఒకప్పుడు రైతుబజారు నడిచిన స్వరాజ్య మైదానంలోనే ఇప్పుడు 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం ఉంది. అక్కడ కూర్చునే ఈ అంకెలు నోటుబుక్కులో రాసుకున్నాను.

అసలు లెక్క ఆఫీసుల్లో ఉంటుంది. మా జిల్లాలో ఎన్ని కార్డులిచ్చారు, అందులో ఎస్సీలకెన్ని, కౌలుదారులకెన్ని అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు. మీరూ మీ జిల్లాలో పెట్టండి, పది రూపాయల పని. వచ్చిన కాగితం ఫొటో నాకు పంపండి, వచ్చే భాగంలో అన్నీ ఒకచోట పెడదాం.

(ఇంకా ఉంది)