మావి హార్మోను – దానిపై గురిపెట్టిన టీకా

1927-28లో బెర్లిన్ నగరములోని షారిటే వైద్యశాలలో సెల్మర్ ఆష్‌హైమ్, బెర్న్‌హార్డ్ ట్సోండెక్ అను ఇద్దరు వైద్యులు గర్భిణి మూత్రమును ఈడురాని ఆడ చిట్టెలుకలకు సూదితో ఎక్కించి చూశారు. కొద్ది రోజులకే ఆ ఎలుకల అండాశయములు పెరిగి, పెద్ద ఎలుకల అండాశయములవలె పనిచేయసాగినవి. గర్భమును నమ్మకముగా తెలుపు పరీక్ష ఈ విధముగా లభించినది. ఒక్కొక్క పరీక్షకు ఐదేసి ఎలుకలు బలికావలసి వచ్చెడిది.

ఈ ప్రభావమునకు కారణమైన పదార్థము పీయూష గ్రంథినుండి వచ్చుచున్నదని వారు తలచారు. అది పొరపాటు. 1938లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో జార్జియానా సీగర్, ఆమె సహచరులు మావి కణములను గాజుపాత్రలలో పెంచి, ఆ కణములే దీనిని తయారుచేయునని చూపారు. దీని పేరు మానవ కోరియానిక్ గొనడోట్రోపిన్, పొట్టిగా హెచ్.సి.జి.

దీని పని ఏమి? అండము విడుదలైన తరువాత అండాశయములో కార్పస్ లూటియం అను పసుపుపచ్చని గ్రంథి ఏర్పడి ప్రొజెస్టిరోన్ హార్మోనును స్రవించును. గర్భము నిలువనిచో రెండు వారములలో అది వాడిపోయి, ఋతుస్రావము మొదలగును. గర్భము నిలిచినచో పిండము చుట్టునున్న కణములు పంపు హెచ్.సి.జి. ఆ గ్రంథిని వాడిపోకుండ కాపాడును. ఈ సందేశము చేరనిచో గర్భము లేదు.

సందేశమును దారిలోనే అడ్డగించినచో? ఈ ఆలోచనను న్యూఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జి. పి. తల్వార్ చేపట్టారు. చిక్కులు రెండు. మొదటిది, తన సొంత పదార్థముపై శరీరము సాధారణముగా ప్రతిరక్షకములను తయారుచేయదు. రెండవది ఇంకను కఠినమైనది. ఈ మాంసకృత్తులో ఆల్ఫా, బీటా అను రెండు గొలుసులున్నవి. 92 ఎమైనో ఆమ్లములు గల ఆల్ఫా గొలుసు పీయూష గ్రంథి స్రవించు మరి మూడు హార్మోనులలోను ఉన్నది. దానిపై గురిపెట్టినచో థైరాయిడ్ గ్రంథిని నడుపు హార్మోను కూడ దెబ్బతినవచ్చును. కనుక 145 ఎమైనో ఆమ్లముల బీటా గొలుసునే ఎన్నుకున్నారు. దానిని ధనుర్వాతపు టీకాలో వాడు టాక్సాయిడ్‌తో జతచేశారు. టాక్సాయిడ్‌ను పరాయిదిగా గుర్తించిన శరీరము, దానితో వచ్చిన సొంత హార్మోనుపైన కూడ ప్రతిరక్షకములను తయారుచేసినది! 1976లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

అయితే బీటా గొలుసు కూడ పూర్తిగా ప్రత్యేకమైనది కాదు. అండము విడుదలకు తోడ్పడు ల్యూటినైజింగ్ హార్మోనును అది చాలవరకు పోలియుండును. అందుచేత అమెరికాలో వెర్నన్ స్టీవెన్స్ బీటా గొలుసు చివరనున్న 37 ఎమైనో ఆమ్లముల ముక్కను మాత్రమే తీసుకొన్నారు. అది నిర్దుష్టమైన గురి. కాని అంత చిన్న ముక్కకు శరీరము బలముగా స్పందించదు. తల్వార్ మొత్తము గొలుసునే ఉంచి, తరువాత దానికి గొర్రె హార్మోనులోని ఆల్ఫా గొలుసును జోడించి, స్పందన పెంచారు. అండము విడుదల ఆగిపోవునేమో అన్న సందేహమును ప్రయోగమే తీర్చవలసి యుండెను.

1994లో తల్వార్ బృందము ఆ ఫలితమును ప్రకటించినది. టీకా పొందినవారు 148 మంది స్త్రీలు. వారిలో 119 మందికి, అనగా నూటికి 80 మందికి, రక్షణకు చాలినంత ప్రతిరక్షకములు ఏర్పడినవి. వారు రక్షణలోనున్న 1,224 ఋతుచక్రములలో ఒక్క గర్భమే వచ్చినది. అండము విడుదల ఆగలేదు, ఋతుక్రమము చెడలేదు. ప్రతిరక్షకములు తగ్గినపుడు మరల గర్భము ధరించగలిగారు.

మిగిలిన 20 మంది మాటేమి? టీకా ఎవరికి పట్టినదో, ఎవరికి పట్టలేదో రక్తపరీక్ష లేనిదే తెలియదు. మాత్రను మానివేయవచ్చును, లూప్‌ను తీయించుకొనవచ్చును; శరీరములో పుట్టిన ప్రతిరక్షకములను కోరినపుడు తొలగించుకొనలేము. స్త్రీకి తెలియకుండ ఇట్టి టీకా వేయవచ్చునన్న భయము కూడ ఉన్నది. 1993లోనే అనేక దేశముల మహిళా సంఘములు ఇట్టి పరిశోధనలను నిలిపివేయవలెనని కోరినవి. ఈ అభ్యంతరములు తేలికగా తోసివేయదగినవి కావు.

తరువాతి కాలములో తల్వార్ బృందము జన్యు ఇంజనీరింగు పద్ధతితో బీటా గొలుసును ఒక బాక్టీరియా విషములోని హానిలేని భాగముతో కలిపి, ఒకే మాంసకృత్తుగా తయారుచేసినది. ఇంతలో మరియొక విషయము బయటపడినది. మూత్రాశయము, క్లోమము మొదలగు అవయవములలో పుట్టు క్యాన్సరులు కొన్ని, గర్భముతో సంబంధము లేకున్నను, స్త్రీపురుష భేదము లేకుండ ఈ బీటా గొలుసునే తయారుచేయుచున్నవి. అందుచేత గర్భనిరోధమునకై ఎన్నుకున్న గురిపైననే క్యాన్సరు చికిత్సకు కూడ టీకాలు తయారుచేసి పరీక్షించారు.