గోడమీది వడ్డీరేటు

ధర వేరు, ధర పేరు చెప్పి వసూలు చేసే మొత్తం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను కొనేవాడికీ, అప్పు పుచ్చుకునేవాడికీ చివరిదాకా తెలియనీయకపోవటం వర్తకంలో ఆరితేరినవారి విద్య. ఆ తేడాను మొదటనే చెప్పి తీరాలని ప్రభుత్వాలు శాసించటం ఇప్పుడు ప్రపంచంలో ఒక విశేషంగా చెప్పుకుంటున్నారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో ఇటువంటి చట్టం చేసి 2024 జూలై 1 నుంచి అమలు జరిపింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలలో, మొదట ఒక ధర చూపి డబ్బు కట్టే ఘడియలో మరికొన్ని రుసుములు కలపటాన్ని మోసపు పద్ధతులలో ఒకటిగా లెక్కించారు.

ఇదంతా పాశ్చాత్య దేశాలనుంచి మనకు దిగుమతి అయిన ఆలోచన అని మన విద్యార్థులు అనుకోవటం సహజం. కాని వాస్తవం అది కాదు. వడ్డీరేటును పెద్ద అక్షరాలతో గోడమీద రాసిపెట్టాలని, వడ్డీ తప్ప వేరే పేరుతో డబ్బు గుంజరాదని 2010లో మన హైదరాబాదులోనే శాసనం పుట్టింది. దానికి ముందు కూడా ఒక పొడుగాటి చరిత్ర ఉన్నది. ఆ చట్టం ఎందుకు పుట్టింది, ఏమి సాధించింది, చివరకు దానిలో మిగిలింది ఏమిటి అని విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

పేరు లేని కోతలు మన రైతుకు కొత్త కాదు. ధాన్యం బండి గంజికి చేరినదే తడవుగా అడ్తిదారు కమీషను, హమాలీ, తూచే దడువాయి కూలి, దేవుడి పేరు చెప్పి ధర్మాదా, తేమ పేరు చెప్పి తరుగు, ఏ పేరూ చెప్పకుండా కడ్తా - ఇన్నీ పోగా మిగిలినదే ధర. వీటిలో ఏ ఒక్కటీ బేరమాడేటప్పుడు ప్రస్తావనకు రాదు. లెక్క చూసుకునేటప్పుడే వస్తుంది. భారతదేశమంతటా బజారులు ఇదే తీరున ఉన్నాయని 1928లో రాయల్ వ్యవసాయ కమిషను తన నివేదికలో చెప్పి, వాటిని నియంత్రించాలని సిఫారసు చేసింది. నిజాం ప్రభుత్వం 1339 ఫస్లీలో, అంటే 1929-30లో, వ్యవసాయ మార్కెట్ల చట్టం చేసింది. ఏ కోత న్యాయమో ఏది కాదో కాగితంమీదికి రావటానికి ఇక్కడ అది ఆరంభం.

షావుకారు దుకాణంలో పరిస్థితి ఇంకా అధ్వాన్నం. నాగు పేరిట గింజలు అప్పిస్తే కోతలనాడు బస్తాకు బస్తాన్నర కొలవాలి. రొక్కమయితే మొదటి వడ్డీ ముందే మినహాయించుకుని మిగతాది చేతిలో పెడతారు. పత్రంలో మాత్రం నిండు మొత్తం రాస్తారు. దీనికి తోడు మరొక చిక్కు. సంస్థానంలో కచేరీలకు, కోర్టులకు 1880ల నుంచి ఉర్దూ అధికార భాష. పత్రం చివర వేలిముద్ర వేసే రైతుకు తెలుగు మాట్లాడటం తప్ప చదవటమే రాదు. కనుక అతనికి దాచిన రుసుము, దాచని రుసుము అన్న భేదమే లేదు. అన్నీ దాచినవే.

రైతుల ఋణభారంపై ఎస్. ఎం. భరూచా 1937లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. 1349 ఫస్లీలో, అంటే 1939-40లో, హైదరాబాదు వడ్డీవ్యాపారుల చట్టం వచ్చింది. వ్యాపారం చేయటానికి లైసెన్సు ఉండాలి, లెక్కలు రాయాలి, బాకీదారుకు ఆ లెక్క తెలియజేయాలి అన్నది దాని సారాంశం. బ్రిటిషు ఇండియాలో పంజాబు 1930లోనే లెక్కల చట్టం తెచ్చింది. మద్రాసు రాష్ట్రంలో 1935 నాటికి బాకీదార్ల రక్షణ చట్టం వచ్చింది.

ఈ చట్టాలన్నీ పాలకుల దయాధర్మం వల్ల వచ్చినవి కావు. 1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ళమీద పడి ముందుగా కోరినది ధనం కాదు, పత్రాలు. వాటిని వీధిలో వేసి తగలబెట్టారు. నాలుగేళ్ళకు, 1879లో, దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టం వచ్చింది. తెలంగాణలో ఈ క్రమం తలకిందులయింది. చట్టం ముందు వచ్చినా అది కాగితంమీదనే ఉండిపోయింది. లెక్క రాసేవాడూ షావుకారే, సాక్ష్యం పలికేవాడూ అతని మనిషే. 1946-51 సంవత్సరాల సాయుధ పోరాటంలో ఈ గడ్డమీద కూడా అప్పుపత్రాలు మంటలపాలు కావలసి వచ్చింది. తాను చదవలేని కాగితాన్ని కాల్చటం ఒక్కటే రైతుకు తెలిసిన విమర్శ.

2

ఇక 2010 సంగతికి వద్దాం. దానికి పునాది 1992లో ఉన్నది. ఆ సంవత్సరం నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతికి వచ్చిన స్త్రీలు వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుడు వల్ల నాశనమయిన కాపురం కథ అది. చదివి ఊరుకోలేదు, లేచి సారాకొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలో కలిసి నిలబడటం నేర్చిన స్త్రీలతోనే పొదుపు సంఘాలు పల్లెపల్లెకూ విస్తరించాయి.

ఒకరికొకరు హామీగా నిలిచే ఈ స్త్రీల ఐక్యతలో పెట్టుబడికి ఒక లాభసాటి సౌకర్యం కనిపించింది. తాకట్టు పెట్టటానికి పేదరాలి దగ్గర ఏమీ లేదు. కాని ఆమెకు పరువు ఉన్నది, ఇరుగుపొరుగు ఉన్నది. ఒకరు కిస్తీ తప్పితే మిగిలినవారు ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. ఈ సూత్రంమీద సూక్ష్మఋణ సంస్థలు పెరిగాయి. ఏ బంధం సారా కంట్రాక్టరును తరిమిందో, ఆ బంధమే వసూలు యంత్రంగా మారింది. మన కాలపు చరిత్రలో ఇంతకంటె చేదయిన వైరుధ్యం నాకు కనిపించదు.

మొదటి హెచ్చరిక 2006లో కృష్ణా జిల్లాలో వచ్చింది. అధిక వడ్డీలు, నిర్బంధ వసూళ్ళు అన్న ఆరోపణలమీద జిల్లా అధికారులు సుమారు 50 శాఖలను మూయించారు. సంస్థలు నియమావళులు రాసుకుని, నడవడి దిద్దుకుంటామని మాట ఇచ్చి బయటపడ్డాయి. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ వాటాలు బొంబాయి స్టాక్ మార్కెట్టుకు ఎక్కాయి. సుమారు 1,650 కోట్ల రూపాయలు సమకూరాయి. బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనుస్ సైతం ఈ వ్యవహారాన్ని బాహాటంగా విమర్శించాడు. అదే కాలంలో కిస్తీలు కట్టలేని స్త్రీల ఆత్మహత్యల వార్తలు పత్రికలలో వరసగా వస్తున్నాయి. స్టాక్ మార్కెట్టులో సంబరం, పల్లెలో శవం - ఈ రెండూ ఒకే పత్రికలో వేర్వేరు పుటలలో అచ్చయిన రోజులవి.

అక్టోబరు 15న రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో శాసనసభ ఆమోదం పొంది అది 2011 సంవత్సరపు 1వ నంబరు చట్టమయింది. అందులోని అంశాలను గమనించండి. ప్రతి సంస్థా జిల్లా అధికారి దగ్గర రిజిస్టరు చేసుకోవాలి. వడ్డీరేటును జనానికి కనబడేచోట పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. దరఖాస్తుకు నిర్ణయించిన రుసుము తప్ప, వడ్డీ కాక మరే మొత్తమూ వసూలు చేయరాదు. మొత్తం వడ్డీ అసలును మించరాదు. తాకట్టు అడగరాదు. కిస్తీ వారంవారం కాదు, నెలకొకసారి. అదీ ఇంటి గుమ్మంలో కాదు, గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలో.

వడ్డీ అసలును మించరాదన్నది కొత్త మాట కాదు. ధర్మశాస్త్రాలనాటి దామదుపటు న్యాయమే. కాని గోడమీది అక్షరాలు, పరిమితి, బహిరంగ స్థలం ఈ మూడింటినీ ఒక్కచోట కలపటంలో ఈ చట్టం విశిష్టత ఉన్నది.

3

అక్షరాలు ఎందుకంత ముఖ్యం? నేను తెలుగు సాహిత్యం చెప్పేవాణ్ణి. గణితం నా విషయం కాదు. అయినా ఒకసారి తరగతిలో ఛందస్సు పక్కకు పెట్టి నల్లబల్లమీద ఈ లెక్క వేశాను.

పదివేల రూపాయల అప్పు, 15 శాతం వడ్డీ, 50 వారాల కిస్తీలు అనుకుందాం. వడ్డీ 1,500 కలిపి వారానికి 230 రూపాయలు: అసలు 200, వడ్డీ 30. చూడటానికి బ్యాంకు రేటువలెనే ఉన్నది. కాని ఇరవై అయిదో వారానికి ఆమె అసలులో సగం తిరిగి కట్టేసింది. అయినా వడ్డీ మాత్రం ఇంకా పదివేలమీదనే 30 రూపాయలు. చేతిలో మిగిలి ఉన్న బాకీమీద లెక్క కడితే ఈ 15 శాతం సాలుకు 29 శాతం పైచిలుకు అవుతుంది. ఇక పరిశీలన రుసుమనో బీమా అనో మొదటనే మూడు వందలు కోసుకుని 9,700 చేతిలో పెట్టారనుకోండి; అది దాదాపు 36 శాతం. గోడమీద 15, కాపురంమీద 36! ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా చెప్పకపోవటమే.

ఈ లెక్క వేసిన తరువాత కొందరు పిల్లలు తమ తల్లుల కిస్తీ పుస్తకాలు తెచ్చి చూపించారు. బి.ఏ. చదివే పిల్లలు కూడా ఆ పుస్తకాలలోని అంకెలనుంచి అసలు రేటు తీయలేకపోయారు. 1340 ఫస్లీనాటి రైతుకు ఉర్దూ ఎంత దూరమో, ఈనాటి తల్లికి ఆ లెక్క అంతే దూరం.

అమెరికా 1968లో చేసిన ఋణ సత్య చట్టం అన్ని రుసుములనూ కలిపి ఒకే వార్షిక శాతంగా చెప్పాలని నిర్బంధించింది. మన రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం సంఘం 2011 జనవరిలో ఇచ్చిన నివేదికలో, వడ్డీ, ఒక శాతానికి మించని పరిశీలన రుసుము, బీమా - ఈ మూడు తప్ప నాలుగో పేరు ఉండరాదని చెప్పింది. వడ్డీకి కూడా హద్దు గీసింది. ఆంధ్ర స్త్రీల చావులు లేకపోతే ఈ సంఘమూ లేదు, ఈ నివేదికా లేదు.

4

చట్టానికి ఎదురుగా చెప్పే మాట ఒకటి ఉన్నది. దాన్ని దాటవేయటం న్యాయం కాదు. ఆర్డినెన్సు తరువాత వసూళ్ళు కుప్పకూలాయి, సంస్థలు కొత్త అప్పులు ఆపాయి, పేదలు మళ్ళీ పాత షావుకారు గడప ఎక్కారు - ఇదీ ఆ మాట. ఇందులో నిజం ఉన్నది. కాని దీనివల్ల తేలేది చట్టం చెడ్డదని కాదు. వడ్డీని నిషేధించినంత సులభంగా వడ్డీ అవసరాన్ని నిషేధించలేమని. ప్రభుత్వ బ్యాంకు ఆ ఖాళీని నింపితేనే చట్టం నిలబడుతుంది. నింపవలసినంతగా నింపలేదు.

ఆ తరువాత జరిగినది మరింత గమనించదగినది. రిజర్వు బ్యాంకు కింద నమోదయిన సంస్థలకు రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని కేరళ, గుజరాత్ చట్టాలకు సంబంధించి సుప్రీంకోర్టు 2022 మే 10న తీర్పు చెప్పింది. దాన్ని అనుసరించి 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, 2011 చట్టం అటువంటి సంస్థలను అంటదని తేల్చింది. దీనికి కాస్త ముందే, 2022 మార్చిలో, రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిస్తూ వడ్డీపై తానే పెట్టిన హద్దును తీసివేసింది. దాని స్థానంలో రుసుములన్నీ చూపే వివరపత్రం ఇవ్వాలన్నది. అందులో లేని రుసుము వసూలు చేయరాదన్నది. 2024 అక్టోబరు నుంచి చిల్లర అప్పులన్నిటికీ ఇటువంటి పత్రాన్ని తప్పనిసరి చేసింది.

అంటే ఏమయింది? మూడింటిలో అక్షరాలు మిగిలాయి. రాష్ట్రం గీసిన హద్దు, బహిరంగ స్థలం పోయాయి. పెట్టుబడిదారీ వ్యవస్థ చాలాకాలం ప్రతిఘటించి చివరకు ఒప్పుకునే సంస్కరణ ఇటువంటిదే. "అన్నీ ముందే చెప్పాం, ఆమె సంతకం చేసింది" అన్న మాటకు ఇప్పుడు చట్టబలం దొరికింది. దాచిన రుసుము నేరం. చెప్పిన రుసుము స్వేచ్ఛ!

అంబర్‌పేట్ నుంచి విశ్వవిద్యాలయ ప్రాంగణం మీదుగా తార్నాక చేరేలోగా సెల్‌ఫోను దుకాణాల ముందు వడ్డీ లేని కిస్తీల బోర్డులు ఎన్నో చూస్తాను. సున్న శాతం వడ్డీ అన్నది అసలు లేనే లేదని, వడ్డీని పరిశీలన రుసుములో దాస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. బోర్డులు అలాగే ఉన్నాయి. 2020 చివర ఫోను యాప్‌ల అప్పులు, వాటి బెదిరింపులు యువకుల ప్రాణాలు తీయగా హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టవలసి వచ్చింది. ఈసారి గుమ్మం ముందు కూర్చున్నది సంఘం కాదు. అప్పు తీసుకున్నవాడి ఫోనులోని పేర్ల పట్టికే. నా విద్యార్థులకు ఇది పాఠ్యాంశం కాదు, వసతిగృహంలో పక్కమంచం కథ.

కనుక వివరపత్రం వద్దనటం నా అభిప్రాయం కాదు. మన పూర్వులు పత్రాలు కాల్చినది అక్షరంమీద ద్వేషంతో కాదు, ఆ అక్షరం తమది కానందువల్ల. తెలుగులో, ఒకే అంకెగా, అన్ని రుసుములూ కలిపి చెప్పే పత్రాన్ని మనం పట్టుబట్టి సాధించుకోవాలి. కాని అక్షరం తనంత తాను ఎవరినీ కాపాడదు. దూబగుంట వాచకంలోని కథ ఒంటరిగా చదువుకుని ఉంటే అది కథగానే మిగిలిపోయేది. నలుగురూ కలిసి చదివారు గనుక సారాకొట్టు మూతపడింది. గోడమీది వడ్డీరేటును కూడా ఆ విధంగా చదివే సంఘాలు ఉన్ననాడే, అంకె తెలియటంతో తృప్తిపడక దానికి హద్దు గీయమని అడిగే గొంతు పుడుతుంది. విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయవలసిన పని అక్కడ ఉన్నది: తల్లుల కిస్తీ పుస్తకాలు తెరిచి, వారి పక్కన కూర్చుని లెక్క చదవటం.