బిగిసిపోని బ్రేకుల చరిత్ర



బండిని నడుపుట యొక విద్య. నడచు బండి నాపుట అంతకంటె గొప్ప విద్య. ఈ రెండవ విద్యలో నొక భాగమగు బిగిసిపోని బ్రేకుల చరిత్రను నేడు మనవి చేయుదును. యంత్రశాస్త్రము నా విద్య కాదు. నేను చదివినవి వ్యాకరణమును, తర్కమును. అయినను ఈ కథలో తర్కమునకు పని గలదని తోచుటచే మాటాడ సాహసించితిని.

దొర్లుచున్న చక్రము నేలను పట్టుకొనును. జారుచున్న చక్రము పట్టు విడుచును. తడిసిన బాటపై బ్రేకును గట్టిగా నొక్కితిమా, చక్రము బిగిసి జారసాగును. ముందుచక్రములు జారినపుడు స్టీరింగు నెటు త్రిప్పినను బండి తన దారినే పోవును. కావున పట్టవలసినంత పట్టి, చక్రము బిగియబోవు క్షణమున విడిచి, మరల పట్టు బ్రేకు కావలెను.

ఈ యూహ పాతదే. 1936లో జర్మనీదేశపు బాష్ కంపెనీ వారు ఇట్టి సాధనమునకు పేటెంటు పొందిరి. పిదప 1950 తరువాతి దశాబ్దిలో బ్రిటనునందు డన్‌లప్ వారి మాక్సారెట్ అను సాధనము విమానములకు వచ్చెను. దానిలో చిన్న ఫ్లైవీలు తిరుగుచుండును. విమానచక్రము హఠాత్తుగా మందగించినచో, ఫ్లైవీలు తన వేగముచే ముందునకు సాగి కవాటమును తెఱచి, బ్రేకుపై నొత్తిడిని తగ్గించును. 1966లో జెన్‌సన్ ఎఫ్.ఎఫ్. అను కారునకు దీనినే అమర్చిరి; అట్టి కార్లు 320 మాత్రమే తయారయ్యెను.

1970లో మెర్సిడెస్-బెంజ్ వారు ఎలక్ట్రానిక్ సాధనమును ప్రదర్శించిరి. అది పని చేసెను గాని అంగడికి రాలేదు. దాని నియంత్రణపేటికలో ఇంచుమించు వేయి భాగములుండెను. వేడికిని కుదుపులకును అవి యెన్నాళ్లు నిలుచునో నమ్మకము లేకపోయెను. 1978లో బాష్ వారు ఆ భాగములను 140కి తగ్గించిరి. ఆ యేటనే అది మెర్సిడెస్ ఎస్-క్లాస్ కార్లలోనికి వచ్చెను. పేటెంటునకును దీనికిని నడుమ 42 సంవత్సరములు గడచెను. ఊహ దొరకుటకు గాక, నమ్మకము కుదురుటకే ఇంత కాలము పట్టెను. కాలికిని బ్రేకునకును నడుమ నిలుచు యంత్రము పొరబడిన ప్రాణమునకే మోసము.

అందుచే దానికి మఱియొక ధర్మమును నేర్పిరి: తన్ను తాను పరీక్షించుకొనుట. దోషము గనబడినచో అది తప్పుకొని, మామూలు బ్రేకును చోదకునకు విడిచి, యెదుట నొక దీపమును వెలిగించును. 1986లో బాష్ వారు చక్రము వృథాగా తిరుగకుండ జేయు ట్రాక్షన్ కంట్రోలును తెచ్చిరి. అదియు చక్రవేగమును చెప్పు ఆ సెన్సార్లనే నమ్ముకొన్నది. కావుననే ఒక్క సెన్సారు చెడిన రెండు దీపములును వెలుగుట కలదు.

ఇచ్చట తర్కము ప్రవేశించును. పొగను జూచి నిప్పు నూహించినట్లు, దీపమును జూచి దోషము నూహింతుము. స్కానరు "ఎడమ ముందుచక్రపు సెన్సారు" అని చెప్పవచ్చును; అంతమాత్రమున సెన్సారే చెడినదనుట హేత్వాభాసము. దంతచక్రము త్రుప్పు పట్టియుండవచ్చును. నడుమ ఇనుపరజను చేరియుండవచ్చును. కదలికకు తీగ తెగియుండవచ్చును. బేరింగు వదులై యుండవచ్చును. మంచి మెకానిక్కు మొదట తీగను చూచును, మురికిని తుడుచును, బేరింగు నూపి చూచును, మీటరుతో కొలుచును. అటుపిమ్మటనే క్రొత్త సెన్సారు వేయును. వేసిన తరువాత కోడును చెఱిపి, బండి నడిపి, దీపము మరల వెలుగునేమో పరీక్షించును. కొందఱు దీపమునే తీసివేయుదురు. అది పొగను విసరి నిప్పును దాచుట.

మన దేశమున 2019 ఏప్రిల్ నుండి అమ్ముడగు క్రొత్త కార్లకును, 125 సి.సి. మించిన క్రొత్త ద్విచక్రవాహనములకును ఈ బ్రేకు విధిగా నేర్పడినది. కాబట్టి ఈ మాట మన వీథులకును చెందును. పసుపుదీపము మాత్రమే వెలిగినచో భయపడక, మెల్లగా నడిపి వర్క్‌షాపునకు పొండు. బ్రేకుల ఎఱ్ఱదీపము కూడ వెలిగినచో బండిని జాగ్రత్తగా ప్రక్కకు దీసి ఆపుడు. అత్యవసరమున పెడలు కాలిక్రింద అదరినచో కాలు తీయకుడు; అది యంత్రము పని చేయుచున్న గుర్తు.

తన దోషమును తానే చెప్పుకొను సేవకుడు దొరకుట కష్టము. ఇంతమంది శ్రమచే దొరకిన యీ సేవకుని నోరు మాత్రము మూయకుడని ప్రార్థించుచు విరమించుచున్నాను.