"ఇది మీ ఇల్లే!" - స్పెయిన్ దేశపు అతిథి మర్యాద, దాని వెనుక చరిత్ర



మన ఇళ్ళకు వచ్చిన మెహమాన్ గడప దగ్గర తటపటాయిస్తూ నిలబడితే పెద్దవాళ్ళు ఏమంటారు? "రండి రండి, అప్నాచ్ ఘర్ సమఝో" అంటారు. పక్కింటి హిందూ సోదరులు "మీ ఇల్లే అనుకోండి, మొహమాటపడకండి" అంటారు. ఈ మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, దాని అర్థం గురించి ఎన్నడూ ఆలోచించం. వేల మైళ్ళ దూరాన, యూరప్ ఖండం పడమటి కొసన ఉన్న స్పెయిన్ దేశంలో క్రైస్తవ కుటుంబాల వారు కూడా అచ్చంగా ఇదే మాట అంటారని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం కలిగింది. ఆ మాట వెనుక ఉన్న చరిత్రను, అందులోని తీపినీ చేదునూ సంఘ సభ్యుల ముందు క్లుప్తంగా ఉంచాలని ఈ చిన్న ప్రయత్నం.

వాళ్ళ మాటలు, మర్యాదలు

"ఎస్తా ఎస్ సు కాసా" అంటే స్పానిష్ భాషలో "ఇది మీ ఇల్లు" అని. "మి కాసా ఎస్ సు కాసా", అనగా "నా ఇల్లు మీ ఇల్లే" అన్న మాట ప్రపంచమంతా తెలిసినదే. స్పానిష్ మాట్లాడే మెక్సికోలో ఈ మర్యాద ఇంకో మెట్టు పైకి పోయింది. అక్కడ కొందరు తమ ఇంటిని గురించి చెప్పేటప్పుడు కూడా "మీ ఇంట్లో" అనే అంటారు. "రేపు మీ ఇంట్లో భోజనం" అంటే, కొత్తవాడు తన ఇంటికే వాళ్ళు వస్తున్నారేమోనని కంగారు పడవలసిందే!

ఇంట్లోని వస్తువును అతిథి మెచ్చుకుంటే "అది మీదే, తీసుకోండి" అనే అర్థంలో మాట్లాడటం పాత స్పెయిన్‌లో రివాజు. తినేవాడి దగ్గరికి ఎవరైనా వస్తే "ఉస్తేద్ గుస్తా?" అంటాడు. "మీరూ కాస్త రుచి చూస్తారా?" అని దాని భావం. వచ్చినవాడు కృతజ్ఞత చెప్పి, "మీ ఒంటికి పట్టాలి" అనే అర్థం వచ్చే మాట అని తప్పుకుంటాడు. 1830 నుంచి 1833 వరకు స్పెయిన్‌లో గడిపి, 1845లో ప్రయాణికుల కోసం పెద్ద పుస్తకం వేసిన ఆంగ్లేయుడు రిచర్డ్ ఫోర్డ్ ఈ మర్యాదలను గమనించి, ఇవి తూర్పు దేశాల పద్ధతులని రాశాడు. మన పల్లెల్లో అన్నం ముందు కూర్చున్నవాడు దారిన పోయేవాణ్ణి "రా, తిందాం" అని పిలవడం ఎవరికి తెలియదు?

"ఇద్దరు తినేచోట ముగ్గురు తింటారు" అని వాళ్ళ సామెత ఒకటి ఉంది. భోజనం అయ్యాక వెంటనే లేవకుండా బల్ల దగ్గరే కూర్చుని కబుర్లాడుకోవడానికి "సోబ్రెమేసా" అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకున్నారు. అలాగని వాళ్ళేమీ దేవదూతలు కారు. "అతిథీ చేపా మూడో రోజుకు వాసన కొడతాయి" అన్న సామెత కూడా వాళ్ళకు ఉంది. ఇది యూరప్ అంతటా వినిపించేదే. మన హదీసుల్లో కూడా అతిథి హక్కు మూడు రోజులు, ఆపైన పెట్టేది సదఖా అని ఉన్న సంగతి సభ్యులకు విదితమే. రెండు చోట్లా లెక్క మూడు రోజులే, కానీ చెప్పే తీరులో ఎంత తేడా ఉందో చూడండి!

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

ముస్లింలు స్పెయిన్‌లో అడుగుపెట్టింది 711లో. చివరి రాజ్యమైన గ్రనాడా పోయింది 1492లో. దాదాపు 800 ఏళ్ళ సహవాసం. ఇంటికి సంబంధించిన స్పానిష్ మాటలను తిరగేస్తే ఆ సహవాసం కనబడుతుంది. వీధి తలుపు దాటగానే వచ్చే వసారా "సగువాన్", పరిచే తివాచీ "అల్ఫోంబ్రా", ఆనుకునే దిండు "అల్మొఆదా", నీళ్ళ కూజా "ఖార్రా", కప్పు "తాసా", ఇవన్నీ అరబీ నుంచి వచ్చినవే. చక్కెర "అసూకార్", నారింజ "నారాంఖా". ఈ రెండింటి మూలం ఇంకా వెనక్కి పోతే మన దేశపు శర్కర, నారంగ పదాల దగ్గర తేలుతుంది. విమానంలో మర్యాదలు చేసే అమ్మాయిని వాళ్ళు "అసఫాతా" అంటారు. అరబీలో బుట్ట అనే అర్థమున్న "సఫత్" దానికి మూలం. పూర్వం రాణిగారికి పళ్ళెంలో దుస్తులు, నగలు అందించే పరిచారికకు ఆ పేరుండేది. అతిథి వెళ్ళేటప్పుడు చెప్పే "హస్తా లువేగో"లో మొదటి మాట కూడా అరబీ "హత్తా"యే.

822లో బాగ్దాదు సంప్రదాయంలో పెరిగిన జిర్యాబ్ అనే సంగీత విద్వాంసుడు కొర్దోబా చేరి, రెండవ అబ్దుర్రహ్మాన్ ఆస్థానంలో గౌరవం పొందాడు. వంటకాలను ఒకదాని తర్వాత ఒకటిగా వడ్డించడం, తోలు దస్తర్‌ఖాన్ పరచడం, గాజు పాత్రలు వాడటం అతడే నేర్పాడని 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ రాశాడు. ఆయన 800 ఏళ్ళ తర్వాతివాడు కాబట్టి, అన్నీ ఒక్క మనిషికే అంటగట్టారేమోనని నేటి పండితులు జాగ్రత్త చెబుతారు. గ్రనాడాలో మాత్రం 14వ శతాబ్దపు సరాయి ఒకటి ఇప్పటికీ నిలిచి ఉంది. దూరపు వర్తకులు సరుకు దింపుకొని బస చేసిన ఆ కట్టడాన్ని తర్వాతి కాలంలో బొగ్గు వ్యాపారానికి వాడటంతో "కొరాల్ దెల్ కార్బోన్" అన్న పేరు వచ్చింది.

అతిథి మర్యాద మాటల మీద పండితుల్లో పెద్ద వాదమే జరిగింది. "ఇది మీ ఇల్లు", "రుచి చూస్తారా" వంటివి ముస్లింల మర్యాదల ఛాయలేనని అమెరికో కాస్త్రో 1948లో రాశాడు. క్లౌదియో సాంచెస్ అల్బోర్నోస్ 1956లో దాన్ని గట్టిగా ఖండించి, స్పెయిన్ స్వభావం అంతకు ముందే ఏర్పడిందన్నాడు. విశేషమేమంటే, స్పెయిన్ అంతర్యుద్ధం వల్ల ఇద్దరూ దేశం విడిచినవారే. ఒకరు అమెరికాలో, మరొకరు అర్జెంటీనాలో, పరాయి నేల మీద ఉండి ఈ వాదం సాగించారు. మనవాళ్ళు కూడా మురిసిపోయి అన్నీ మనవేనని చెప్పుకోరాదు. "మీరు" అనే అర్థమున్న "ఉస్తేద్" మన ఉస్తాదేనని కొందరు అంటారు. అది పొరపాటు. తమరి దయ అనే అర్థమున్న రెండు స్పానిష్ మాటలు అరిగి అలా అయింది. నిజమైన గౌరవం ఉండగా లేనిది కల్పించుకోవడం దేనికి?

తలుపులు తెరిపించిన ఫర్మానా

ఇక చేదు సంగతి. గ్రనాడా ముస్లింలచేత బలవంతంగా మతం మార్పించి, వారికి మొరిస్కోలు అని పేరు పెట్టారు. రెండవ ఫెలిపే రాజు కాలంలో 1567లో ఒక ఫర్మానా వెలువడింది. అరబీ మాట్లాడరాదు, పాత దుస్తులు వేయరాదు, హమ్మాములు వాడరాదు. శుక్రవారాల్లోనూ, పండుగల్లోనూ, పెళ్ళిళ్ళప్పుడూ ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి, లోపల ఏం జరుగుతోందో అధికారులకు కనబడాలి! అతిథి కోసం తలుపు తీసిన ఇళ్ళలో నిఘా కోసం తలుపు తీయించారు. ఫ్రాన్సిస్కో నూన్యెస్ మూలై అనే వృద్ధుడు, "దుస్తులు, పాటలు, స్నానాలు మా ప్రాంతపు ఆచారాలు, మతం కాదు" అంటూ అధికారులకు అర్జీ పెట్టుకున్నాడు. ఎవరూ వినలేదు. 1568లో తిరుగుబాటు రేగింది, 1571కల్లా అణచివేశారు. 1609 నుంచి 1614 వరకు సుమారు 3 లక్షల మందిని దేశం నుంచి వెళ్ళగొట్టారు.

వెళ్ళినవారి గతి ఏమైంది? దీన్ని మనం దాచుకోకుండా చెప్పుకోవాలి. ఒరాన్ రేవులో దిగిన చాలామందిని దారిలో దోచుకున్నారు, కొందరిని చంపారు. ఆ పని చేసింది అక్కడి ముస్లిం తెగలవాళ్ళే. వాళ్ళకు అరబీలో ఆతిథ్యపు మాటలు రాక కాదు గదా! ట్యూనిస్‌లో మాత్రం పాలకుడు ఉస్మాన్ దేయ్ వారిని ఆదరించి భూములిచ్చాడు. వారు కట్టుకున్న తెస్తూర్ పట్టణం నేటికీ ఉంది.

సభ్యులతో ఒక మాట

మనుషుల్ని వెళ్ళగొట్టారు గానీ దిండునూ, కూజానూ, "హస్తా"నూ వెళ్ళగొట్టలేకపోయారు. మర్యాద ఒకసారి నాలుక మీదికి ఎక్కితే ఏ ఫర్మానాకూ దిగదు. అది సంతోషించదగ్గదే. కాని ఒరాన్ దారి చెప్పే పాఠం వేరు. నోట్లో మాట ఉన్నంత మాత్రాన ఇంటి తలుపు తెరుచుకోదు.

మన ఊళ్ళకు కూడా రోజూ మెహమాన్లు వస్తూనే ఉంటారు. పెద్దాసుపత్రికి పల్లె నుంచి వచ్చిన రోగి బంధువు, పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రవాడు, పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం. వాళ్ళను చూసి మనం "అప్నాచ్ ఘర్ సమఝో" అంటాం సరే. అన్న తర్వాత ఒక పూట అన్నం, ఒక రాత్రి పడక చూపిస్తున్నామా? ఈ ప్రశ్న మేము మమ్మల్నే ముందు అడుగుకున్నాం. సభ్యులందరూ కూడా ఇంటికి వెళ్ళి, భోజనాల తర్వాత వెంటనే లేవకుండా కాసేపు కూర్చుని, ఇంటిల్లిపాదితో ఈ సంగతి మాట్లాడుకోవలసిందిగా కోరుతున్నాం. ఇద్దరు తినేచోట మూడోవాడికి చోటు ఎప్పుడూ ఉంటుంది.